హ్యాచరీకీ చెరువుకూ మధ్య ఉద్యోగాలు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది అల్లూరు దగ్గర పల్లె. నెల్లూరులో బీఎస్సీ బయోటెక్నాలజీ అయ్యాక ఇంగ్లండులో ఏడాది ఎమ్మెస్సీ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్ చేశాను. ప్రాజెక్టులో కిడ్నీ రోగుల రక్తనమూనాల్లో ఒక ప్రొటీన్‌ను ఎలైజా అనే ల్యాబు పరీక్షతో కొలిచాను. తర్వాత ఏడాదిన్నర అక్కడే ఉన్నా చదువుకు తగ్గ పని దొరకలేదు, గోడౌన్లో ప్యాకింగ్ చేశాను. ఇంటికొచ్చి ఏడు నెలలైంది. 140 దరఖాస్తులు పెడితే మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి, ఒక్కటీ కుదరలేదు. నాన్న రొయ్యల చెరువులు చేస్తారు. నా చదువు అప్పు ఇంకా 18 లక్షలుంది, రొయ్య రేటు సంగతి మీకు తెలిసిందే. అమ్మ పెళ్లి అంటోంది. ఫ్రెండ్స్ పీహెచ్‌డీ చెయ్యమంటున్నారు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 90 వేలు కడితే క్లినికల్ రీసెర్చ్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. మా మామయ్యయితే ‘ట్రాన్స్‌లేషనా? ఏ భాషలోంచి ఏ భాషలోకి?’ అని పెళ్లిలో నలుగురి ముందు అడిగాడు. నేను డాక్టర్ని కాదు, ఫార్మసీ కాదు, నన్నెవరు తీసుకుంటారు? అసలు నా చదువుకు ఉద్యోగాలున్నాయా?
పేరు వద్దన్న పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు:

అమ్మాయ్, మా చిన్నమ్మాయికంటే చిన్నదానివి, అందుకని నువ్వు అనే రాస్తున్నా.

మీ మామయ్య వెటకారానికి అన్నాడో తెలియక అన్నాడోగానీ, ఆ ప్రశ్నలో తప్పేం లేదు. ఈ రంగంలో నేను చేసిన మొదటి పెద్ద పని నిజంగానే తర్జుమా. ఆ కథ కాసేపట్లో చెప్తా. ముందు నీ చదువేమిటో మీ నాన్నకు అర్థమయ్యేట్టు చెప్పుకుందాం. అప్పు కట్టేది ఆయన కాబట్టి ఆయనకు తెలియాలి.

హ్యాచరీ వాడి తొట్టిలో పిల్ల చలాకీగా ఈదుతుంది. ఉప్పదనం, వేడి, మేత, గాలి అన్నీ వాడి చేతిలో ఉంటాయి. అదే పిల్లను తెచ్చి చెరువులో వదిలితే మబ్బు పట్టిన రోజు తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, పక్క చెరువు నీళ్లు కలుస్తాయి, కాకి ఎక్కడో చచ్చిన రొయ్యను తెచ్చి పడేస్తుంది. తొట్టిలో బతికింది కదా అని చెరువులో బతకాలని ఎక్కడా రాసిలేదు. 1990ల నడుమ వైట్ స్పాట్ అనే వైరస్ రోగం టైగర్ రొయ్యను ఊడ్చేశాక మన రైతులు నేర్చుకున్నదేంటి? సీడ్‌కు, అంటే రొయ్యపిల్లకు, రోగం ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష చేయించడం, చెరువు మీద పక్షులు వాలకుండా వల కట్టడం, ఆ తర్వాత రోగం లేని తల్లిరొయ్యల నుంచి తీసిన వెన్నమి అనే రకం పిల్లకు మారడం. వెన్నమికి మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. కరోనా వచ్చాకగానీ దేశానికి పీసీఆర్ అనే మాట తెలియలేదు. మీ నాన్నలాంటి వాళ్లు అంతకు చాలా ముందునుంచే ఆ రిపోర్టు చూసి సీడ్ వేస్తున్నారు.

మందు కథా ఇంతే. ఎలుకలో పనిచేసింది మనిషిలో పనిచెయ్యాలని లేదు. మనుషుల మీద పరీక్ష దాకా వచ్చిన మందుల్లో కూడా పదింట తొమ్మిది చివరి అనుమతి దాకా చేరవు. ల్యాబులో తేలిన సంగతిని రోగి మంచం దాకా తీసుకుపోవడం, దారిలో అది ఎక్కడ ఎందుకు పడిపోతోందో చూడటం, మంచం దగ్గర కనిపించిన సంగతిని మళ్లీ ల్యాబుకు చేర్చడం నువ్వు చదివిన చదువు. హ్యాచరీకీ చెరువుకూ మధ్య ఉండే పని.

ఇప్పుడు ఆ 140 దరఖాస్తుల సంగతి. నువ్వు పంపిన సీవీ చూశాను. పైనే పెద్దక్షరాల్లో డిగ్రీ పేరుంది, కింద ‘ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్ రంగంలో అవకాశం కోరుతున్నాను’ అని ఉంది. ఆ పేరుతో హైదరాబాదులో ఉద్యోగం పోస్టు చేసేవాడు దాదాపు ఎవరూ లేరమ్మా. వ్యవసాయం చదివినవాడు ‘వ్యవసాయ రంగంలో పని కావాలి’ అని అడిగితే మిల్లువాడు ఏమంటాడు? గుమస్తా పనా, లారీ పనా, తూకం పనా అంటాడు. కంపెనీలూ అంతే. వాళ్లకు కావలసింది కోఆర్డినేటర్, మానిటర్, డ్రగ్ సేఫ్టీ అసోసియేట్, రెగ్యులేటరీ ఎగ్జిక్యూటివ్, బయోఅస్సే అనలిస్టు, మెడికల్ రైటర్. నీ డిగ్రీ ఈ దారి మొత్తాన్నీ దూరం నుంచి చూపించింది, ఏ ఒక్క మజిలీలోనూ నిలబెట్టి పని చేయించలేదు. ఆ లోటు నీది కాదు, ఏడాది కోర్సుల తీరే అంత. కానీ ఎక్కడ నిలబడతావో తేల్చుకోవలసింది మాత్రం నువ్వే. తేల్చుకున్నాక ఆ పని పేరుతో, ఆ పనికి తగ్గ సీవీతో అడగాలి. ఒకే కాగితం 140 చోట్లకు పంపితే మూడు ఇంటర్వ్యూలు రావడమే ఎక్కువ.

నన్నడిగితే ముందు ఆస్పత్రి వైపు చూడమంటాను. అది నా పక్షపాతం, దాచుకోను. నేను మొదలైంది అక్కడే.

ఇరవై ఏళ్ల కింద ఒక ఆస్పత్రిలో షుగరు మందు మీద ట్రయల్, అంటే మనుషుల మీద పరీక్ష, జరుగుతుంటే నేను కోఆర్డినేటర్‌గా చేరాను. రోగి చేత సంతకం పెట్టించాల్సిన సమ్మతిపత్రం పై నుంచి తెలుగులోనే వచ్చింది. ‘మీరు యాదృచ్ఛికంగా ఏదైనా ఒక సమూహమునకు కేటాయించబడతారు’ అని ఉంది. కోవూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని మూడు పేజీలు ఓపిగ్గా చదివి, ‘ఏందమ్మా ఇది, తెలుగేనా? నాకు ఇచ్చేది మందా, ఉత్త బిళ్లా? అది చెప్పు ముందు’ అన్నాడు. నాకు సిగ్గేసింది. డాక్టరుగారిని ఒప్పించి పత్రం తిరగరాశాం. మందు ఎవరికి, ఉత్త బిళ్ల ఎవరికి అనేది చీటీ తీసినట్టు తేలుతుంది, డాక్టరుకు కూడా తెలియదు అని రాశాను. ఆ తెలుగును ఇంకొకరు మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పాలి, రెండూ సరిపోయాయో లేదో చూడాలి. అది ఈ పనిలో పద్ధతి. తిప్పినాయన ఎవరోగానీ చీటీని చిట్‌ఫండ్ చేసేశాడు! ట్రయల్ చేయిస్తున్న కంపెనీ నుంచి కంగారుగా ఉత్తరం వచ్చింది, రోగుల చేత డబ్బు కట్టిస్తున్నారా అని. దాన్ని సర్దేసరికి రెండు నెలలు పట్టింది, ట్రయల్ అంత ఆలస్యమైంది. ఇప్పుడు నవ్వొస్తుందిగానీ అప్పుడు ఏడుపొచ్చింది. ఆ పెద్దాయన మాత్రం కొత్త పత్రం చదివి, కొడుకుతో మాట్లాడి, చేరాడు.

కోఆర్డినేటర్ పనంటే సమ్మతి ఒక్కటే కాదు. రోగి ఏ రోజు రావాలో ఆ రోజు వచ్చేట్టు చూడటం, రక్తం తీసిన గంట, ఫ్రీజర్ ఉష్ణోగ్రత, మిగిలిన బిళ్లల లెక్క రాయడం, కేసుషీటులో ఉన్నదీ కంప్యూటర్లో ఎక్కిందీ ఒకటే అయ్యేట్టు చూడటం. కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు 2019లో వచ్చాయి. వాటి ప్రకారం ట్రయల్లో ఉన్న రోగికి ప్రాణం మీదికి వచ్చేంత ఇబ్బంది ఏదైనా జరిగితే డాక్టరు 24 గంటల్లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకూ, కంపెనీకీ, రోగుల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీకీ తెలపాలి. ఆ 24 గంటలూ నిద్రపోనిది కోఆర్డినేటరే. ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, అందులో వైద్యం తెలియని మామూలు మనిషి ఒకరు తప్పనిసరి. మా కమిటీలో ఆ స్థానంలో ఉన్న రిటైర్డు తెలుగు పంతులుగారు అడిగినన్ని ప్రశ్నలు డాక్టర్లెవరూ అడగలేదు.

ఈ పని ఎక్కడ దొరుకుతుందో వెతకడానికి డబ్బు అక్కర్లేదు. మన దేశంలో జరిగే ప్రతి ట్రయలూ సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఏ ట్రయల్ ఏ ఊళ్లో, ఏ ఆస్పత్రిలో, ఏ డాక్టరు దగ్గర జరుగుతోందో అందులో ఉంటుంది. నెల్లూరు, ఒంగోలు, తిరుపతి, గుంటూరు, చెన్నై పేర్లతో వెతుకు. కిడ్నీ జబ్బుల ట్రయల్స్ విడిగా రాసుకో, నీ ప్రాజెక్టు దానిమీదే కదా. ఈ ఖాళీలు చాలావరకు పేపర్లో రావు, జాబ్ సైట్లలోనూ రావు. డాక్టరు ఓపీ అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చుని, లోపలికెళ్లి ‘మీ దగ్గర ఫలానా ట్రయల్ నడుస్తోందని చూశాను సార్’ అని మొదలుపెట్టు. మెయిల్లో 140 సార్లు అడిగినదానికంటే ఆ ఒక్క వాక్యం ఎక్కువ పనిచేస్తుంది. కొన్ని ఆస్పత్రుల్లో కోఆర్డినేటర్లను ఆస్పత్రి పెట్టుకోదు, ట్రయల్ పనికి మనుషుల్ని సమకూర్చే, ఎస్ఎంఓలనే బయటి సంస్థలు పెడతాయి. వాటి పేర్లు కూడా అక్కడే అడిగి తెలుసుకో.

జీతం సంగతి దాచి లాభం లేదు. నేను చూసినంతలో మొదట్లో నెలకు 20 నుంచి 30 వేల మధ్య వస్తుంది. ఒకటి రెండేళ్లకు మానిటర్‌గా, అంటే ఆస్పత్రులు తిరిగి ట్రయల్ రికార్డులు సరిచూసే మనిషిగా మారితే పెరుగుతుంది, కానీ మానిటర్ అంటే నెలలో సగం రోజులు రైళ్లలోనే. పెళ్లి సంగతి నేను మాట్లాడేది కాదుగానీ, అమ్మతో మాట్లాడేటప్పుడు ఈ తేడా చెప్పు. సంబంధం చూసేటప్పుడు వాళ్లకూ చెప్పాలి.

18 లక్షలకు ఆ జీతం ఏ మూలకు అంటావు. నిజమే. బ్యాంకు అప్పయి 11 శాతం వడ్డీ అనుకుంటే నెలకు వడ్డీయే 16,500. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందయితే నెలకు 36 వేలు, అప్పుడు నువ్వు ఏ ఉద్యోగం చేసినా మొదటి మూడేళ్లు అసలు కదలదు. ఎంత బ్యాంకుదో, ఎంత బయటిదో నువ్వు రాయలేదు. ఈ వారం నాన్నను కూర్చోబెట్టి కాగితం మీద రాయించు. బయటిది ఎంతున్నా బంగారం మీదో, బ్యాంకులోనో తెచ్చి ముందు అది తీర్చేయండి. చెరువు మీద వచ్చే పంటతో తీరుద్దామని ఆగకండి. అమెరికా సుంకాలు పెరిగినప్పుడు ఏమైందో చూశాం కదా. ఉద్యోగం ఎన్నుకోవడానికి ఈ లెక్క ఎందుకంటే, నెలకు ఎంత వస్తే ఇల్లు ఊపిరి పీల్చుకుంటుందో తెలియకుండా పీహెచ్‌డీ గురించి మాట్లాడటం దండగ.

డబ్బు తొందరగా కావాలంటే హైదరాబాదులో డ్రగ్ సేఫ్టీ, అదే ఫార్మకోవిజిలెన్స్ ఉంది. కొత్తవాళ్లను ఎక్కువగా తీసుకునేది అదే. మందు వాడినవాళ్లకు ఏదైనా తేడా చేస్తే ఆ సమాచారం ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి పడుతుంది. నువ్వు దాన్ని చదివి, మెడ్‌డ్రా అనే పదకోశంలోని మాటల్లోకి మార్చి, కథనం రాసి, గడువులోగా పంపాలి. తీవ్రమైనదీ, ముందు ఊహించనిదీ అయితే గడువు 15 రోజులు. ఇంటర్వ్యూలో నాలుగు సంగతులు తప్పక అడుగుతారు: ఒక కేసు చెల్లాలంటే గుర్తించదగ్గ రోగి, సమాచారం ఇచ్చిన మనిషి, అనుమానమున్న మందు, జరిగిన ఇబ్బంది ఉండాలి. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. మన దేశంలో ఈ కార్యక్రమం 2010లో మొదలైంది, ఘజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది. మెడికల్ కాలేజీల్లో కేంద్రాలున్నాయి, అక్కడా అసోసియేట్లను పెట్టుకుంటారు. ఈ పని మీద నాకున్న బెంగ ఒక్కటే. కేసులు చదివి ఎక్కించే పనిని ఇప్పుడు యంత్రాలు నేర్చుకుంటున్నాయి. చేరితే చేరు, కానీ రెండేళ్లు దాటి కేసుల దగ్గరే ఉండిపోకు. వెయ్యి కేసుల్లో కొత్త ప్రమాదం ఏదో పసిగట్టే సిగ్నల్ పనిలోకీ, మందు మొత్తం భద్రత మీద రాసే పీరియాడిక్ రిపోర్టుల్లోకీ జరుగు. నీ చదువు పనికొచ్చేది అక్కడ.

రెగ్యులేటరీ పని, అంటే ప్రభుత్వ అనుమతుల ఫైళ్లు నడిపే పని, కాగితం ప్రేమికులకు. నేను వేలు పెట్టలేదుగానీ, పెట్టినవాళ్లు నాకంటే బాగానే సంపాదించారు. ట్రయల్ అనుమతికి ఫారం సీటీ-04 పెట్టాలి, మన దేశంలో కనిపెట్టిన మందయితే 30 పనిదినాల్లో, బయటిదయితే 90 పనిదినాల్లో నిర్ణయం రావాలి. 2019 నియమాల గెజిట్ ఉచితంగా దొరుకుతుంది. రెండు రోజులు కూర్చుని చదువు. ఆసక్తిగా చదవగలిగితే ఆ పని నీది, పదో పేజీలో నిద్రొస్తే కాదు. వైద్య పరికరాలకు వేరే నియమాలు, అవి 2017వి. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది కాబట్టి మన రాష్ట్రంలోనే ఆ పనికి చోటుంది.

ఇక ల్యాబు. ఎలైజా చేశానని ఉత్తరంలో ఒక్క ముక్కలో తేల్చేశావు, నీ దగ్గరున్న అసలు సరుకు అదే. సీవీ రెండో పేజీలో ఎక్కడో ‘వివిధ ల్యాబ్ పద్ధతులపై అవగాహన’ అని ఉంది. అవగాహన ఎవడికి కావాలి? ఎన్ని నమూనాలు, ఎన్ని ప్లేట్లు, ఒకే నమూనా రెండుసార్లు కొలిస్తే తేడా ఎంత శాతం, రోజు మారితే ఎంత, కొలవగలిగిన కనిష్ఠం ఎంత, లెక్కలు ఏ సాఫ్ట్‌వేర్లో చేశావు, ఇవి రాయి. హైదరాబాదు పక్కన జీనోమ్ వ్యాలీలో బయోసిమిలర్లు (జీవకణాలతో చేసే మందులకు సాటి మందులు), టీకాలు చేసే కంపెనీల్లో మందు బలాన్ని ఇలా కొలిచే బయోఅస్సే విభాగాలు ఈ అంకెలే చూస్తాయి. ఇంకో కొత్త దారి కూడా పడుతోంది. 2023 అక్టోబరులో మన దేశంలోనే తయారైన కార్-టీ అనే క్యాన్సర్ చికిత్స నెక్స్‌కార్19కు అనుమతి వచ్చింది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి చేసిన పని. రోగి రక్తంలోంచి తీసిన కణాలను మార్చి మళ్లీ ఆ రోగికే ఎక్కిస్తారు, కాబట్టి ఒక్కో రోగీ ఒక్కో బ్యాచ్. బ్యాచ్ బ్యాచ్‌కీ పరీక్షలు చెయ్యాలి. చేత్తో ప్లేటు నడిపిన అనుభవం ఉన్నవాళ్లకు అక్కడ గిరాకీ పెరుగుతుందని నా అంచనా.

‘నేను డాక్టర్ని కాదు, ఫార్మసీ కాదు, నన్నెవరు తీసుకుంటారు’ అని కూడా రాశావు. శాంతా బయోటెక్నిక్స్ పెట్టిన వరప్రసాదరెడ్డిగారు మన నెల్లూరు జిల్లా మనిషే. చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగు. 1993లో అమ్మగారి పేరు మీద కంపెనీ పెట్టి, 1997లో హెపటైటిస్-బికి మన దేశపు తొలి రీకాంబినెంట్ టీకా, అంటే జన్యువును వేరే జీవిలో పెట్టి చేసే టీకా, తెచ్చాడు. జన్యువును ఈస్టులో పెట్టింది ఆయన చేతులు కాదు. శాస్త్రవేత్తలనూ, డబ్బునూ, అనుమతులనూ, మనవాళ్లు కొనగలిగే ధరనూ ఒకచోట చేర్చాడు. ఆయన వెనక పులియబెట్టే తొట్టెల దగ్గర, జంతు పరీక్షల దగ్గర, ట్రయల్ దగ్గర, ఫైళ్ల దగ్గర ఎంతమంది ఉండి ఉంటారో ఆలోచించు. నీ ఉద్యోగం వాళ్ల మధ్యలో ఎక్కడో ఉంది. పసిపిల్లల విరేచనాలకు వేసే రోటావాక్ టీకా చూడు. 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పసిపిల్లల్లో దొరికిన వైరస్ అది, టీకాగా లైసెన్సు వచ్చేసరికి 2014. దాని మూడో దశ ట్రయల్లో ఢిల్లీ, పుణె, వేలూరుల్లో కలిపి 6,799 మంది పిల్లలు. ఒక్కొక్క తల్లి దగ్గరా ఎవరో ఒకరు కూర్చుని, బిడ్డకు ఏం ఇస్తున్నారో చెప్పి, సంతకం తీసుకున్నారు. నేను ఇందాక చెప్పిన పనే.

పీహెచ్‌డీ. ఫ్రెండ్స్ చెప్పారని చెయ్యకు, ఉద్యోగం దొరకలేదని అసలే చెయ్యకు. అయిదారేళ్లు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చోవాలి. ఆ ప్రశ్న నీ దగ్గర ఇప్పటికే ఉంటే వేరు. ఉత్తరంలో కిడ్నీ ప్రొటీన్ గురించి రాసిన ఆ ఒక్క వాక్యంలో మాత్రం కొంచెం ప్రాణం కనిపించింది, మిగతా పేజీ అంతా నీరసం. అందుకే తలుపు మూసెయ్యమనను. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, దానిపైన ఇంటద్దె భత్యం. కోఆర్డినేటర్ జీతంకంటే ఎక్కువేనని నువ్వు లెక్కేసుకునే ఉంటావు. ఫరీదాబాదులో నీ సబ్జెక్టు పేరే పెట్టుకున్న కేంద్ర సంస్థ ఉంది, టీహెచ్‌ఎస్‌టీఐ. హైదరాబాదులో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలున్నాయి. మనవాళ్లు జబ్బు చేస్తే పరుగెత్తే వేలూరు సీఎంసీలో పరిశోధన కూడా జరుగుతుంది. ఉద్యోగంలో చేరి, నెట్‌కు చదువుతూ ఏడాది చూడు. రోగుల మధ్య తిరిగాక ప్రశ్న దానంతటదే తగులుకుంటే అప్పుడు వెళ్లు.

ఏ ప్రభుత్వ దారి పట్టాలన్నా ఒక కాగితం ఇప్పుడే తెచ్చుకో. విదేశీ డిగ్రీ ఇక్కడి ఎమ్మెస్సీకి సమానమన్న సర్టిఫికెట్ అది. ఏడాది కోర్సులని ఒకప్పుడు పేచీ పెట్టేవారు. 2022 జులైలో బ్రిటన్‌తో ఒప్పందం కుదిరాక అక్కడి ఏడాది మాస్టర్స్‌కు గుర్తింపు వచ్చింది. 2025 ఏప్రిల్లో యూజీసీ దీనికి కొత్త నియమాలు తెచ్చింది. ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక పరుగెత్తితే అందదు. కేంద్ర వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సంస్థల్లో ప్రాజెక్టు పోస్టులు ఏడాది పొడవునా పడుతుంటాయి, ఈ కాగితం లేక వదులుకున్న పిల్లల్ని చూశాను.

ఐసీఎంఆర్ అన్నాను కాబట్టి చెన్నైని మరిచిపోవద్దు. పొద్దున కావలిలో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతావు. అక్కడి క్షయ పరిశోధన సంస్థ 1956లో మొదలైంది. క్షయ రోగిని ఆస్పత్రిలో నెలల తరబడి పడుకోబెట్టనక్కర్లేదు, ఇంట్లో ఉంచి మందులిచ్చినా అంతే బాగా నయమవుతుందని 1959లో లోకానికి చూపించింది మద్రాసు పేటల్లో చేసిన ఆ ట్రయలే. కొత్త మందేమీ కనిపెట్టలేదు, ఉన్న మందును ఇంటికి చేర్చారు. నీ కోర్సు పుస్తకాల్లో చివరి అధ్యాయంలో పడేసి ఉంటారు దీన్ని. నాకు మాత్రం అదే మొదటి అధ్యాయం, కారణం చెప్తా.

మాది పొదిలి వైపు. మా నాయనమ్మకు గారపళ్లు, మా తాతకు నడుం వంగి లేచేది కాదు. ఊరంతా అట్లాగే ఉండేవాళ్లం కాబట్టి అదొక జబ్బని ఎవరూ అనుకోలేదు. కాలేజీకి వచ్చాక తెలిసింది, మన నీళ్లలో ఫ్లోరైడు సంగతి 1937లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో అచ్చయిందని, అందులో ఉన్నవి అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలేనని. పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. కారణం తెలిసింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదనీ తెలిసింది. పటిక, సున్నంతో తీసేసే పద్ధతి నల్లగొండ పేరుతోనే వచ్చింది. అయినా మా నాయనమ్మ చనిపోయేదాకా ఆ బావి నీళ్లే తాగింది. ల్యాబులో లోపం లేదు. దారి చివర మనుషులు లేరు. ఆ చివరి దారిలో కూడా ఉద్యోగాలున్నాయి. ఏ పరీక్షకు, ఏ మందుకు ప్రభుత్వం డబ్బు పెడితే ఎంత మేలో లెక్కగట్టే విభాగం కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖలో ఉంది, హెచ్‌టీఏ ఇండియా అంటారు. దానికి వేర్వేరు సంస్థల్లో కేంద్రాలున్నాయి. లెక్కలంటే భయం లేకపోతే ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ నేర్చుకుని అటు చూడు. కిడ్నీ జబ్బుల మీద ఉద్దానంలో అయితేనేం, మన జిల్లాల్లో అయితేనేం, ఇంకా తేలనివి చాలా ఉన్నాయి.

అమీర్‌పేట 90 వేలు కట్టొద్దు. ఉద్యోగం ఇస్తానని డబ్బడిగేవాడు ఎవడైనా ఒకటే జాతి. ట్రయల్ ఎలా నడపాలో నేర్పే జీసీపీ శిక్షణ గ్లోబల్ హెల్త్ నెట్‌వర్క్ అనే వెబ్‌సైట్లో ఉచితంగా చేసి సర్టిఫికెట్ తీసుకోవచ్చు, మూడు నాలుగు గంటల పని. ఆ ఇన్‌స్టిట్యూట్ల వాళ్లలో కొందరు అనుభవం ఉన్నట్టు దొంగ లెటర్లు కూడా ఇస్తారు. ఈ రంగంలో అది పట్టుబడితే నీ పేరు మీద ఎవరూ మళ్లీ ఫైలు తెరవరు. రికార్డు నిజంగా రాస్తారన్న నమ్మకం మీదే ఈ పని మొత్తం నడుస్తుంది. అదే కారణానికి గోడౌన్ పని కూడా దాచకు. ఏడాదిన్నర ఖాళీగా కనిపించడంకంటే ప్యాకింగ్ అని ఉండటం నయం. లాట్ నంబర్లు, గడువు తేదీలు చూసి సర్దావా అక్కడ? చూసి ఉంటే అదీ రాయి. ట్రయల్ మందుల గదిలో చేసేది అంతకంటే పెద్దదేం కాదు.

మళ్లీ ఇంగ్లండు ఆలోచన పెట్టుకోకు, ఇప్పుడు కాదు. చదువయ్యాక ఇచ్చే వీసా రెండోసారి ఇవ్వరు, కంపెనీ స్పాన్సర్ చెయ్యాలంటే అక్కడి కనీస జీతం పరిమితి 2025 జులై నుంచి ఏడాదికి 41,700 పౌండ్లకు పెరిగింది. కొత్తవాళ్లకు కొంత తగ్గింపు ఉన్నా, అనుభవం లేనివాళ్లకు దొరకడం కష్టం. మూడేళ్లు ఇక్కడ పనిచేశాక చూద్దువుగాని.

సీవీలు రెండు చెయ్యి. ఒకటి ఆస్పత్రి వైపు, ఒకటి ల్యాబు వైపు. రెండింట్లోనూ ‘అవకాశం కోరుతున్నాను’ అన్న లైను తీసెయ్యి. ఆస్పత్రి దాంట్లో తెలుగు, ఇంగ్లీషు చదవడం, రాయడం, తర్జుమా వచ్చని స్పష్టంగా పెట్టు. నెల్లూరులో రోగితో మాట్లాడాల్సినవాళ్లకు అది చిన్న సంగతి కాదు. ల్యాబు దాంట్లో పేరు కింద మొదటి లైనే ఎలైజా. ప్లేట్ల సంఖ్యా, తేడా శాతమూ నీ ప్రాజెక్టు పుస్తకంలో ఉంటాయి, తీసి చూడు. రెండూ అయ్యాక నాకు పంపు, ఈసారి ఎర్ర పెన్ను పట్టుకునే చదువుతా.